మార్చి ఆఖరుకి చక్కెర సున్నా

రాష్ట్ర గోనెసంచుల మండలి కార్యాలయం కాకినాడలో ఉంది. గోనెసంచులు ఎక్కడ ఉన్నాయో మండలికి తెలియదు. పంట చేతికొచ్చే రోజుల్లో రైతులొచ్చి సంచులేవండీ అని అడుగుతారు. బెంగాల్ నుంచి బయల్దేరాయండీ అని మండలి చెబుతుంది. పొలాల్లో కోతలు పదిహేను రోజుల్లో పూర్తవుతాయి. మండలిలో కోతలు ఏడాది పొడుగునా సాగుతాయి.

అలాంటి మండలిలో కూడా ఏ రోజు పని ఆ రోజే పూర్తయ్యే శాఖ ఒకటుండేది. అది కాజాలు తినే శాఖ. ఊరు కాకినాడ కావడం వల్ల దానికి వేరే ఉత్తర్వులు అక్కర్లేకపోయింది. ఎవరికి ఇంక్రిమెంటు వచ్చినా సంతోషానికి కాజాలు, ఎవరి ఇంక్రిమెంటు ఆగినా ఓదార్పుకి కాజాలు. గొట్టం కాజా అంచు కొరికితే లోపలి పాకం నోట్లోకి దిగుతుంది. ఆ దిగడం ఒక్కటే మండలిలో సకాలంలో జరిగే పంపిణీ.

సూపరింటెండెంటు పులగం నీలాద్రిరావు గారు ఈ శాఖలో చాలా సీనియర్. ఇంటిపేరులో పులగం ఉన్నా ప్రాణమంతా పాకంలో ఉండేది. చాకచక్యం లేకపోయినా పాకచక్యం ఉన్న మనిషి. అలా తింటూ తింటూ ఆయన షుగరు తెచ్చుకున్నారు. పొద్దునొక మాత్ర, సాయంత్రమొక మాత్ర వేసుకుంటూ, మధ్యలో కాజాతో ఆ మాత్రలకు పని కల్పిస్తూ కాలం గడుపుతున్నారు. భార్య హైమవతి గారు మునిసిపల్ స్కూల్లో తెలుగు పంతులమ్మ. ఎదురుగా ఉన్నది విద్యార్థి అయినా మొగుడైనా తప్పు దిద్దకుండా వదిలే అలవాటు ఆవిడకు లేదు. అయితే విద్యార్థులు కొంత మెరుగుపడ్డారు.

ఇలా ఉండగా ఎం.డి. గారు కొండ మీద జరిగిన ఒక శిక్షణకు వెళ్లి వచ్చారు.

ఎం.డి. గారి పేరు చెరుకూరి ఇంద్రసేనరావు. ఇంటిపేరులో చెరుకున్నా మాటలో పిప్పి తప్ప రసం ఉండదని సిబ్బంది అనుకునేవారు, వారికి వినబడనంత దూరంలో. శిక్షణలో ఎవరో ఆయన చెవిలో ఒకే మాట ఊదారు. ప్రతిదానికీ ఒక అంకె ఉండాలి, ఆ అంకె గోడ మీద కనబడాలి. ఆయన కొండ దిగి వచ్చి మండలిలో కొలవదగినదేముందా అని నాలుగు మూలలా చూశారు. సంచులు కొలుద్దామంటే సంచులు లేవు. ఉన్నది సిబ్బంది. కాబట్టి సిబ్బందిని కొలవాలని నిర్ణయమైంది.

మండలికి వారంలో రెండు రోజులు వచ్చే డాక్టరు నస్రీన్ గారిని సమావేశానికి పిలిచారు. ఆవిడ గుండ్రటి చిన్న బిళ్ళ ఒకటి చేత్తో పట్టుకుని వివరించింది.

"ఇది జబ్బకి అంటించుకోవాలండి. దీని అడుగున వెంట్రుకంత సన్నటి తీగ చర్మం కిందికి వెళ్తుంది. ఆ తీగ మీద ఒక ఎంజైము పూత ఉంటుంది. చర్మం కింద ఉండే ద్రవంలోని చక్కెర ఆ పూతకి తగిలితే రసాయన చర్య జరిగి కొంచెం కరెంటు పుడుతుంది. చక్కెర ఎక్కువుంటే కరెంటెక్కువ, తక్కువుంటే తక్కువ. ఆ కరెంటు కొలిచి ఫోన్లో అంకె చూపిస్తుంది. షుగరున్నవాళ్లకి చాలా మంచిదండి. వేలికి మాటిమాటికీ సూది గుచ్చుకోనక్కర్లేదు."

ఎం.డి. గారు కుర్చీలో ముందుకు వంగారు.

"అంటే మన సిబ్బందిలో కరెంటు పుడుతుందంటారు."

"చాలా కొద్దిగా సార్."

"కొద్దిగానైనా సరే. నా సర్వీసులో నేనెప్పుడూ చూడలేదు."

ఎ.ఓ. వేదాచలం గారు లేచి నిలబడ్డారు. కార్యాలయంలో తాళాలు, లక్క ముద్రలు, నిబంధనలు అన్నీ ఈయన దగ్గరే ఉంటాయి. "అయ్యా, ఆ కరెంటుని మీ గదిలో ఏసీకి మళ్లించే అవకాశం పరిశీలించమంటారా?"

"అది రెండో దశలో చూద్దాం."

మర్నాడే మొదటి దశ మొదలైంది. షుగరున్నవాళ్లకి, లేనివాళ్లకి, రేపో మాపో వస్తుందని ఎదురుచూస్తున్నవాళ్లకి, అందరికీ వరసగా నిలబెట్టి బిళ్ళలు అంటించారు. వెనకటి కాలంలో బిళ్ళ ఉన్నవాణ్ణి బిళ్ళబంట్రోతు అనేవారు. ఇప్పుడు మండలిలో బంట్రోతు నుంచి ఎం.డి. దాకా అందరూ బిళ్ళబంట్రోతులే అయ్యారు. సమానత్వం ఇంత సులువుగా వస్తుందని ఎవరూ అనుకోలేదు.

నిజం చెప్పాలంటే నీలాద్రిరావు గారికి ఆ బిళ్ళ తెగ నచ్చింది. పెసరట్టు తింటే అంకె ఎంత పెరుగుతుందో, ఉప్మా జోడిస్తే ఇంకెంత పెరుగుతుందో, తిన్నాక వరండాలో నాలుగు సార్లు అటూ ఇటూ నడిస్తే బాణం గుర్తు ఎలా కిందికి వంగుతుందో అన్నీ చూసుకునేవారు. కాజా తిన్న రోజున అంకె పైకెగిరిన తీరు చూసి ఆయనే జడుసుకున్నారు. ఎవరూ చెప్పకుండానే కాజా సగానికి వచ్చింది, సగం వారానికొకటికి వచ్చింది. అంకె వందకీ నూట యాభైకీ మధ్య బుద్ధిగా తిరగడం మొదలుపెట్టింది.

"నేను ఇన్నేళ్లుగా చెబుతుంటే వినలేదు. బిళ్ళ చెబితే విన్నారు" అంది హైమవతి.

"నువ్వు చెబితే అంకె కనబడదు కదా హైమా."

"నా మొహం కనబడేది కదండీ. అందులో చూసుకోవలసింది."

అక్కడితో ఆగి ఉంటే ఇది ఆరోగ్య శాఖ వారి కరపత్రం అయ్యేది. ఆగలేదు. ఎం.డి. గారు హాల్లో గోడంత తెర పెట్టించి, అందరి పేర్లూ అందరి అంకెలూ దాని మీద వేయించారు. ఎవరి చక్కెర ఎంతో ఊరందరికీ తెలిసింది. దాని పక్కన మండలి సగటు చక్కెర అని ఇంకో పెద్ద అంకె.

సమీక్షా సమావేశంలో ఎం.డి. గారు ఆ పెద్ద అంకె వైపు బెత్తం చూపించారు.

"నూట నలభై రెండు. ఏమిటిది? ఒక ప్రభుత్వ రంగ సంస్థలో నూట నలభై రెండు యూనిట్ల చక్కెర పేరుకుపోయి ఉంటే మనం ఏం చేస్తున్నట్టు? ఫైళ్లు పేరుకుపోతే బకాయి అంటాం. మరి ఇది?"

"బకాయే అండి" అన్నారు వేదాచలం గారు.

"బకాయిల విషయంలో ప్రభుత్వ విధానం ఏమిటి?"

"సున్నాకి తేవడమండి."

"అంతే. మిషన్ మోడ్‌లో పనిచేద్దాం. ఈ నెలాఖరుకి వంద. వచ్చే నెలాఖరుకి యాభై. మార్చి ఆఖరుకి చక్కెర సున్నా."

హాల్లో చప్పట్లు మోగాయి. అలవాటు కొద్దీ మోగినవే. నస్రీన్ గారు లేచి నిలబడింది.

"సార్, చక్కెర సున్నా అయితే మనిషి బతకడండి. డెబ్బైకీ నూట ఎనభైకీ మధ్య ఉంటే చాలు. డెబ్బై కంటే తగ్గడం పెరగడం కంటే ప్రమాదం."

"అమ్మా, మీరు వైద్య కోణంలో మాట్లాడుతున్నారు. నేను పరిపాలనా కోణంలో మాట్లాడుతున్నాను. మధ్యన ఉంటే చాలంటున్నారు. మధ్యన ఉండే సంస్థని మధ్యస్థం అంటారు. మండలిని మధ్యస్థంగా ఉంచడానికి నన్నిక్కడికి వెయ్యలేదు. మీ అభ్యంతరాన్ని నోట్ పెట్టండి. తగు సమయంలో పరిశీలిస్తాం."

గుమాస్తా ఒకాయన వెనక బెంచీలోంచి చెయ్యెత్తి, లక్ష్యం కంటే ఎక్కువ సాధించి మైనస్‌లోకి వెళ్తే ప్రోత్సాహకం ఉంటుందా అండీ అని అడిగాడు. ఎం.డి. గారు ఆ ఉత్సాహాన్ని మెచ్చుకుని పేరు రాసుకున్నారు.

చివర్లో ఎం.డి. గారు అసలు సంగతి చెప్పారు. సగటు చెడగొట్టేవాళ్లని సీలేరు గోదాముకి బదిలీ చేస్తారు. సీలేరు గోదాము అడవిలో ఉంది. అందులో సంచులు లేవు, అక్కడికి వెళ్లినవాళ్లు త్వరగా తిరిగొచ్చిన దాఖలాలూ లేవు.

నీలాద్రిరావు గారు అక్కడే లెక్క వేసుకున్నారు. హైమవతి ఉద్యోగం ఇక్కడ. తను అడవిలో ఒక్కడూ వండుకు తినాలంటే ఆ తిండికి షుగరు ఏ ఎత్తున ఎగురుతుందో ఊహకి అందలేదు. కార్యాలయంలో అందరికంటే పాత షుగరు రోగి తనే కాబట్టి మొదటి బదిలీ తనదే అని నిర్ధారించుకున్నారు. ఆ మధ్యాహ్నం నుంచి భోజనం మానేశారు. మాత్రలు మాత్రం మానలేదు.

ఇక ఉత్తర్వులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కార్యాలయ ఆవరణలోకి తీపి పదార్థాలు తెచ్చుట నిషేధించడమైనది. గేటు దగ్గర వేదాచలం గారే స్వయంగా సంచులు వెతికారు. గోనెసంచుల మండలిలో సంచులు వెతకడం అదే మొదటిసారి. దొరికిన కాజాలన్నీ జప్తు చేసి, లక్క వేసి ముద్ర కొట్టి, తన గదిలో అల్మరాలో పెట్టి తాళం వేశారు. క్యాంటీన్లో కాఫీకి పంచదార ఆగిపోయింది. కొందరు ఆ కాఫీని కషాయమన్నారు. కొందరు దాన్ని తాగడం మానేసి చూస్తూ కూర్చునేవారు. ఫైళ్లలో తీపికబురు అని రాయరాదు, శుభవార్త అని రాయవలెను. సందర్శకులతో తియ్యగా మాట్లాడరాదు. ఈ ఒక్క ఉత్తర్వుని సిబ్బంది ఎప్పట్నించో పాటిస్తూనే ఉన్నారు.

ఒకరోజు పిఠాపురం నుంచి సూరిబాబు అనే రైతు వచ్చాడు.

"ఆయ్, నమస్కారమండి. ధాన్యం కళ్లంలో పోసుందండి. మబ్బెట్టిందండి. ఓ యాభై సంచులిప్పిస్తే ఎత్తేసుకుంటానండి."

"బయల్దేరాయయ్యా" అన్నారు ఎం.డి. గారు.

"పోయినేడూ బయల్దేరాయన్నారండి. అయ్యే ఇయ్యాండీ, లేకపోతే ఇయ్యి వేరేయాండీ?"

ఎం.డి. గారికి కోపం వచ్చింది. తెర మీద ఆయన పేరు ఎదురుగా అంకె నూట ముప్పై నుంచి నూట అరవైకి లేచింది. కోపానికి కూడా షుగరు పెరుగుతుందని నస్రీన్ గారు చెప్పేసరికి ఎం.డి. గారు నివ్వెరపోయి, వెంటనే ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. అధికారుల చక్కెర పెంచు స్వభావం గల అర్జీలను స్వీకరించరాదు. అలాంటి స్వభావం లేని అర్జీ ఏదీ లేకపోవడంతో అర్జీల విభాగం మూతపడింది. సూరిబాబు ధాన్యం మీద టార్పాలిన్ కప్పుకోవడానికి వెళ్లిపోయాడు.

సిబ్బంది మాత్రం వెర్రివాళ్లు కారు. టైపిస్టు సుగుణమణి గారు ఒక మధ్యాహ్నం బిళ్ళ ఉన్న ఎడమ జబ్బని టేబులు అంచుకి నొక్కుకుని కునుకు తీసింది. లేచి చూసేసరికి తెర మీద ఆవిడ అంకె యాభై అయిదు. అందరూ అభినందించారు. నస్రీన్ గారు పరీక్షించి, మీ షుగరు మామూలుగానే ఉందండి, బిళ్ళ మీద బరువు పడితే కింద ద్రవం సరిగా ఆడక అంకె తప్పుడుగా తగ్గుతుంది అని చెప్పింది. ఆవిడ జాగ్రత్త కోసం చెప్పింది. కార్యాలయం దాన్ని పద్ధతిగా స్వీకరించింది.

ఆ సాయంత్రానికి గోనెసంచుల మండలి మొత్తం ఎడమవైపుకి ఒరిగిపోయింది. కొందరు గోడకి, కొందరు బీరువాకి, చోటు దొరకనివాళ్లు పక్కవాడికి. ఎవరూ లేచి ఫైలు తెచ్చేవారు కాదు, లేస్తే అంకె పెరుగుతుంది. సగటు జారడం మొదలైంది. ఎం.డి. గారు హాల్లో నడుస్తూ, "ఒక క్రమశిక్షణ కనబడుతోంది. అందరూ ఒకే వైపు మొగ్గుతున్నారు" అని సంతోషించారు.

"మీరూ కాస్త ఆనుకోండి సార్" అని సుగుణమణి నీలాద్రిరావు గారి చెవిలో చెప్పింది. "తిండి మాని చావడమెందుకు? అదిగో బీరువా."

"నాకు చేతకాదమ్మా. సర్వీసంతా ఎవరినీ ఆనుకోకుండా లాక్కొచ్చాను."

"మనిషిని కాదు సార్, బీరువాని."

"ఈ ఆఫీసులో రెంటికీ పెద్ద తేడా లేదులే."

దాంతో ఒక విచిత్రం జరిగింది. మిగతావాళ్లందరి అంకెలూ అబద్ధంగా తగ్గితే, ఆయనది ఒక్కటే నిజంగా తగ్గింది. మధ్యాహ్నం మూడింటికి చేతులు వణికేవి. సంతకం గీత దాటిపోయేది. నస్రీన్ గారు పిలిచి గట్టిగానే చెప్పింది. "మీరు వేసుకునే మాత్ర తిండి మానినా చక్కెరని లాగుతూనే ఉంటుందండి. అన్నం మానద్దు. జేబులో పంచదార పెట్టుకోండి."

"గేటు దగ్గర జేబులు కూడా వెతుకుతున్నారు డాక్టరుగారూ" అన్నారాయన.

ఇంటి దగ్గర హైమవతికి ఈ సంగతి చెప్పలేదు. క్యారేజీ ఖాళీ చేసే ఇంటికి తీసుకెళ్లేవారు. అందులో అన్నం ఆఫీసు వాకిట్లో పావురాలకి పెట్టేవారు. మండలిలో ఆ నెల నిజంగా లాభపడింది పావురాలే.

రోజురోజుకీ ఆయన పేరు తెర మీద పైకి పాకింది. పైకి పాకడమంటే అక్కడ కిందికి దిగడమే. నెలాఖరుకి నీలాద్రిరావు గారు మొదటి స్థానంలో నిలబడ్డారు, నిలబడే ఓపిక లేకపోయినా. ఎం.డి. గారు ఆయన్ని ఆదర్శ ఉద్యోగిగా ప్రకటించారు. రాజధాని నుంచి శాఖ కార్యదర్శి గారు వచ్చి శాలువా కప్పుతారని, ఆ సమయంలో నీలాద్రిరావు గారి అంకె ఒక్కటే తెర నిండా కనబడుతుందని కార్యక్రమం ఖరారైంది.

"ఆ రోజు మీ దగ్గర్నుంచి ఒక రికార్డు ఆశిస్తున్నాను" అన్నారు ఎం.డి. గారు.

"సీలేరు సంగతి..."

"రికార్డు వస్తే సీలేరు అన్న మాటే మర్చిపోండి."

సభ పదకొండింటికి అన్నారు. కార్యదర్శి గారి కారు రెండింటికి వచ్చింది. నీలాద్రిరావు గారు పొద్దున్న మాత్ర వేసుకుని ఒక్క ఇడ్లీ తిన్నారు. వేదిక మీద ఆయన్ని మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు వరసలో హైమవతి పట్టుచీరలో కూర్చుంది. కార్యదర్శి గారు కూర్చోగానే ఫోనులోకి తలవంచారు. తెర మీద గుమ్మడికాయంత అంకె, డెబ్బై ఒకటి, పక్కన కిందికి చూపిస్తున్న బాణం, అడుగున అంకెతో పాటే జారుతున్న గీత.

"అరవై మూడు" అన్నారు ఎం.డి. గారు మైకులో. చప్పట్లు.

నీలాద్రిరావు గారికి చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. ఎదురుగా జనం రెండు వరసలుగా, మళ్లీ నాలుగు వరసలుగా కనబడుతున్నారు. కడుపులో ఆకలి కాదు, ఎవరో లోపల్నుంచి గోకుతున్నట్టుంది. ఒక కాజా కావాలి. ఒక చెంచా పంచదార కావాలి. నోరు తెరిచి అడుగుదామంటే ఆ మాట గుర్తు రాలేదు.

"యాభై ఎనిమిది. చూడండి, ఆయనకి చెమటలు పడుతున్నాయి. కష్టించే తత్వానికి అది గుర్తు. చూడండి, ఆయన వణుకుతున్నారు. ఇంత సాధించినా ఎంత వినయమో."

ముందు వరసలో హైమవతి లేచి నిలబడింది. "మా ఆయన వినయంతో వణకడం నేనెప్పుడూ చూడలేదు" అంటూ పక్కనున్న నస్రీన్ గారి వైపు తిరిగింది. ఆవిడ అప్పటికే లేచి ఉంది.

"షుగరు పడిపోతోందమ్మా. వెంటనే తీపి కావాలి."

క్యాంటీన్లో పంచదార లేదు. కార్యదర్శి గారి భద్రత కోసం గేటు మూసేశారు. ఆవరణ మొత్తం మీద తీపి ఉన్నది ఒక్కచోటే. ఇద్దరూ తిన్నగా వేదాచలం గారి దగ్గరికి వెళ్లారు.

"అల్మరా తాళం ఇవ్వండి."

"అది జప్తు సొత్తండి అమ్మా. ముద్ర విప్పాలంటే ముగ్గురు సభ్యుల కమిటీ వెయ్యాలండి. పంచనామా జరగాలండి."

"పంచనామా ఎవరికి జరగాలో మీరే తేల్చండి వేదాచలం గారూ" అంది హైమవతి నెమ్మదిగా. "కాజాలకా, మా ఆయనకా?"

వేదాచలం గారు వేదిక వైపు చూశారు. నిబంధనలు ఎన్ని తెలిసినా మనిషి మనిషే. నీలాద్రిరావు గారూ ఆయనా ఎన్నో ఏళ్లు ఒకే పొట్లంలో కాజాలు తిన్నవాళ్లు. జేబులోంచి తాళంచెవి తీసి, "దీనికి వ్రాతపూర్వక అనుమతి లేదండి. నోటిమాటగా ఇస్తున్నాను" అని ఆవిడ చేతిలో పెట్టి, తను చూడలేదన్నట్టు గోడ వైపు తిరిగిపోయారు.

నోటిమాటగా తెరుచుకున్న అల్మరాలోంచి కాజా నోటి దాకా వచ్చింది. "నమలకండి, ముందు పాకం పీల్చండి" అంది నస్రీన్ గారు. నీలాద్రిరావు గారు వేదిక మీద, శాలువా కప్పవలసిన చోట, పాత కాజా ఒకటి పట్టుకుని పసిపిల్లాడిలా పీల్చారు. హైమవతి ఇంకొకటి అందించింది. ఆయన తల నిమిరి, "మధ్యాహ్నం అన్నం తిన్నారా?" అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపారు. "నెల నుంచీ?" ఆయన నిలువుగా ఊపారు. ఆవిడ కొంగుతో ఆయన నుదుటి చెమట తుడిచింది.

ఈలోగా తెర మీద అంకె ఇంకా దిగుతూనే ఉంది. ఒంట్లోకి చక్కెర చేరిన సంగతి బిళ్ళకి కాసేపటికి గానీ తెలియదు. మండలిలాగే అది కూడా జరిగిపోయినదాన్ని వెనక నుంచి తెలుసుకుంటుంది. నీలాద్రిరావు గారికి కళ్లు తేటపడి, మనుషులు ఒక్కొక్కరుగా సర్దుకుంటుంటే, గోడ మీద యాభై ఒకటి వచ్చింది. ఎం.డి. గారు ఉప్పొంగిపోయి సరికొత్త రికార్డు అని అరిచారు. హాలు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

అప్పుడు అంకె ఆగింది. యాభై అయిదు. డెబ్బై. తొంభై ఆరు. బాణం పైకి తిరిగింది. నూట పద్దెనిమిది.

చప్పట్లు పలచబడ్డాయి. ఎం.డి. గారి ముఖంలో నెత్తురు లేదు. సరిగ్గా ఆ క్షణంలో కార్యదర్శి గారు ఫోనులోంచి తలెత్తారు. ఆయన కింద ఉన్న సంస్థలు చాలా ఉన్నాయి. అన్నిట్లోనూ గీతలు కిందికే పోతుంటాయి. తెర మీద గీత పైకి పోతూ, పచ్చటి బాణం మిలమిలలాడుతూ కనబడేసరికి ఆయన కళ్లజోడు సర్దుకున్నారు.

"ఇది మీ మండలిదేనా?"

"అవునండి" అన్నారు ఎం.డి. గారు, కాదనే ధైర్యం లేక.

"నా పరిధిలో ఒక గీత పైకి వెళ్లడం చాలా కాలానికి చూస్తున్నాను. పావుగంటలో రెట్టింపు దాటింది. దీనికి కారణం ఎవరు?"

ఎం.డి. గారు ఊపిరి తీసుకున్నంత సేపే తటపటాయించారు. "ఇదంతా ఒక వ్యూహం ప్రకారం చేశాం సార్. మొదటి దశలో ప్రాతిపదికని కిందికి దించాం. రెండో దశలో కాజా పెట్టుబడి ద్వారా వేగవంతమైన వృద్ధి సాధించాం."

కార్యదర్శి గారు లేచి నీలాద్రిరావు గారికి స్వయంగా శాలువా కప్పి, పాకం అంటుకున్న చేతినే పట్టుకుని ఊపారు. "ఇలాంటివారు ప్రతి సంస్థకీ కావాలి. వీరిని ఇక్కడే ఉంచండి."

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. ప్రతి ఉద్యోగీ త్రైమాసికంగా తన చక్కెరలో వృద్ధి కనబరచవలెను. అల్మరాలో కాజాలు పెట్టుబడి వనరుగా విడుదలయ్యాయి. ఎడమవైపుకి ఒరిగిన కార్యాలయం నిటారుగా కూర్చుంది, నొక్కితే అంకె తగ్గుతుంది కాబట్టి. నడుంనొప్పి పోయిందని సుగుణమణి సంతోషించింది. నస్రీన్ గారు రెండో నోట్ పెట్టింది. మొదటి నోట్ పరిశీలనలో ఉన్నందున రెండోదాన్ని దానికి జతచేశారు.

ఎం.డి. గారు నీలాద్రిరావు గారిని గదిలోకి పిలిచి కుర్చీ చూపించారు. అంతకుముందెన్నడూ చూపించలేదు.

"మిమ్మల్ని వృద్ధి రాయబారిగా నియమిస్తున్నాం. ఈసారి మూడొందలు ఆశిస్తున్నాను."

నీలాద్రిరావు గారు జబ్బ మీది బిళ్ళని నెమ్మదిగా ఊడబెరికి టేబుల్ మీద పెట్టారు. దాని వెనకే నస్రీన్ గారిచ్చిన ధ్రువపత్రం పెట్టారు. ఆయన చర్మానికి బిళ్ళ జిగురు పడదని అందులో ఉంది.

"నాకు తగ్గినా ముప్పే, పెరిగినా ముప్పేనండి. నేను మధ్యలో ఉంటాను."

"మధ్యలో ఉంటే గ్రాఫులో కనబడరు నీలాద్రిరావు గారూ."

"అదేనండి నాక్కావలసింది."

"సీలేరులో పోస్టు ఇంకా ఖాళీగానే ఉందని మర్చిపోకండి."

"మా ఆవిడకి చెప్పానండి. ఎక్కడికైనా సరే వెళదాం, అన్నం మాత్రం మానద్దంది. కార్యదర్శి గారితో ఒక మాట చెప్పి బయల్దేరతాను."

కార్యదర్శి గారి పేరు వినగానే ఎం.డి. గారు కిటికీలోంచి పావురాల వైపు చూడసాగారు. ఆ సంభాషణ అంతటితో ముగిసింది.

ఇప్పుడు మధ్యాహ్నం కాగానే నీలాద్రిరావు గారు క్యారేజీ పట్టుకుని రికార్డు రూములోకి వెళ్తారు. వేలి చివర చిన్న సూది గుచ్చి, నెత్తుటి చుక్కని సన్నటి పట్టీకి తాకిస్తారు. అరచేతిలో పట్టేంత యంత్రం దాన్ని చదువుతుంది. అదీ కరెంటుతోనే కొలుస్తుంది, అయితే గోడకి చెప్పదు. ఇవాళ కూడా ఇంతలో ఫోను మోగింది. స్కూల్లో ఇంటర్వెల్ గంట వెనకాల వినబడింది.

"ఎంతుందండీ?"

ఆయన అటూ ఇటూ చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆవిడకొక్కదానికే చెప్పారు.

"అయితే తినండి. పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేశాను. మాగాయ పక్కన విడిగా పెట్టాను."

హాల్లో చప్పట్లు మోగాయి. ఎవరో రెండొందల యాభై దాటినట్టున్నారు. నీలాద్రిరావు గారు లేచి తలుపు దగ్గరగా వేసుకుని వచ్చి, మొదటి ముద్ద కలుపుకున్నారు.